వాడకం తప్పు

షోరూము పై అంతస్తు, వినే గది
జూన్ 4

అత్తకు నమస్కారాలు.

"ఫోను చెయ్యకు, ఉత్తరం రాయి. ఫోనులో నీ మాట యంత్రాల హోరులో కలిసిపోతుంది, ఉత్తరమైతే నేర్చుకున్న అక్షరాలు మర్చిపోకుండా ఉంటా" అన్నావు కదా. అందుకే రాస్తున్నాను. అక్షరాలు వంకరగా ఉంటే కంగారు పడకు, కోపం మీద రాస్తున్నాను.

ఈ గదిలో పనికి చేరి నాలుగు నెలలైంది. కింద మందపాటి తివాచీ, గోడలకి చెక్క పలకలు, కిటికీలకి రెండు వరసల తెరలు, మధ్యలో ఒకే ఒక సోఫా. కొనడానికి వచ్చినవాళ్ళు అందులో కూర్చుంటే, నేను ఒక్కో స్పీకర్ల జతనీ యాంప్లిఫయర్‌కి తగిలించి వినిపిస్తాను. మా యజమానిని మేం చాటున బంగారు చెవుల సారు అంటాం. తన చెవులంత గొప్ప చెవులు ఎక్కడా లేవని ఆయనే చెప్పుకుంటాడు మరి.

ఇవాళ ఒకావిడ వచ్చింది. రైల్వే స్టేషన్లో ముప్పై ఏళ్ళు మైకులో రైళ్ళ రాకపోకలు చెప్పి రిటైరైందట. "ముప్పై ఏళ్ళూ నా గొంతు ఆ రేకు డబ్బాల్లోంచి విన్నానమ్మాయ్. ఒక్క మంచి స్పీకర్లో వినాలని ఉంది" అంది. ఆఖరి రోజున తను చెప్పిన ప్రకటన రికార్డు చేయించి తెచ్చుకుంది. కళ్ళు మూసుకుని కూర్చుంది. మొదటి జతలో విని, "ఇది నేను కాదు, జలుబు చేసినప్పటి నేను" అంది. రెండోది, "ఎవరో నా గొంతుకి పౌడరు రాశారు." మూడో జత తగిలించగానే నిటారుగా కూర్చుంది. "ఇదిగో! రైలు నంబరు చెప్పే ముందు ఊపిరి తీసుకుంటాను చూశావా, అది కూడా వినపడింది" అంది. నాకే ఒళ్ళు పులకరించింది.

అవి నిజంగా మంచి స్పీకర్లు అత్తా. కాని మహా తిండిపోతులు. వెనక నాలుగు ఓములని రాసి ఉంటుంది, కొన్ని స్వరాల దగ్గర మూడుకంటే కిందికి పడిపోతుంది. ఓములు పడేకొద్దీ కరెంటు ఎక్కువ లాగుతుంది. పైగా ఎంత పోసినా శబ్దం మాత్రం పొదుపుగా ఇస్తాయి. అలాంటి వాటికి వెనక గట్టి యాంప్లిఫయర్ ఉండాలి. మా దగ్గర ఒకటుంది: నల్లగా, మోటుగా, ఇద్దరు పడితేగాని లేవదు. లోపలంతా ట్రాన్స్‌ఫార్మరే. అదే పెట్టుకోమని చెప్పాను.

అప్పుడొచ్చాడు బంగారు చెవుల సారు. అరచెయ్యంత మందం వెండి రంగు యాంప్లిఫయర్ ఒకటి తెచ్చి ఆవిడ ముందు పెట్టాడు, ముందు రెండు నీలం లైట్లు. "మీ హాలుకి నగలా ఉంటుందమ్మా. రెండు వందల వాట్లు!" అన్నాడు. ఆ రెండు వందలూ రెప్పపాటు ఇచ్చేవి, ఆగకుండా ఇవ్వగలిగింది నలభయ్యే అని నేను ఆవిడ ముందే అన్నాను. ఆయన నవ్వాడు. "మా అమ్మాయి కొత్తగా చదువుకుని వచ్చింది. పుస్తకంలో ఉన్నదంతా అప్పజెప్తుంది, ఏమీ అనుకోకండి" అన్నాడు. ఆవిడా నవ్వింది, ఆ వెండి రంగుదే కొంది.

నేనూ నవ్వాను అత్తా. నాకు ఒళ్ళు మండుతోంది దానికే. 

నీ మేనకోడలు


కాయిల్ షెడ్డు, కిటికీ పక్క బల్ల
జూన్ 13

ఒసే చదువులమ్మా,

నీ ఉత్తరం మూడు రోజులు చదివా. అక్షరాలు వంకర లేవు, నువ్వే వంకరగా ఉన్నావు. నవ్వితే నవ్వావులే. పళ్ళు ఊడలేదు కదా.

ఓములు అని రాశావు. నాకు ఆ గుర్తు నేర్పిన కొత్తలో నేను డబ్బాల మీద అన్నిటికీ ఓం అని రాసిపెడితే మేస్త్రి చూసి, "ఇది షెడ్డా, భజన మందిరమా" అన్నాడు, గుర్తుందా. ఇప్పుడు సరిగ్గానే రాస్తున్నా.

నువ్వు చెప్పింది నిజమే. గొంతు చాలనివాడిని పెద్ద జనం ముందు నిలబెట్టి అరవమంటే ఏమవుతుంది? మాట పగులుతుంది. వినేవాడి చెవి పోతుంది. ఆ సన్న యాంప్లిఫయర్ కూడా అంతే. అది నీ చదువులో ఉందో లేదో, మా బల్ల మీద మాత్రం ఉంది.

ఈ మధ్య మాకు సన్నతీగ పని ఎక్కువైంది. కాలిన ట్వీటర్లు, అదే, స్పీకర్లో పైన ఉండే బుల్లివి, తెగ వస్తున్నాయి. వాటి లోపలి కాయిలు వెంట్రుక అంత తీగతో చుట్టాలి. నా కళ్ళజోడు మార్చాలి.

నీ పని వినిపించడమేనా, కాగితాలు కూడా రాస్తావా? ఊరికే అడిగా.

అత్త


షోరూము, అద్దాల కేబిను
జూలై 2

అత్తకు నమస్కారాలు.

చూశావా, చిరునామా మారింది. నాకు అద్దాల కేబిన్లో బల్ల ఇచ్చారు. మీద నా పేరు రాసిన పలక ఉంది. మన ఇంట్లో పేరు పలక మీదికెక్కింది మొదట నాదే. నాన్న వచ్చి చూసి, దాన్ని వేలితో తడిమి, "ఇందులో నీ పేరు ఎక్కడుంది?" అని అడిగాడు. చూపించాను.

అయినా కోపం తగ్గలేదు. ఆ బల్ల నాకు ఇచ్చింది పని చెయ్యడానికి కాదు, కనబడడానికి. ఎవరొచ్చినా సారు అద్దంలోంచి నన్ను చూపించి, "మా టెక్నికల్ మేడమ్. డిప్లొమా. ఆవిడ చూడందే ఏదీ బయటికి పోదు" అంటాడు. షోకేసులో స్పీకర్లు, పక్కన నేను. నా మీద కూడా రోజూ గుడ్డ పెట్టి తుడుస్తారేమో అనిపిస్తుంది.

నిన్నొక లాయరు వచ్చాడు. ఆయనకీ ఆ తిండిపోతు స్పీకర్లే నచ్చాయి. నల్ల యాంప్లిఫయర్ చూపించగానే, "అమ్మో, అంత పవరు ఇస్తే స్పీకర్లు కాలిపోవూ?" అన్నాడు. అందరూ ఇదే మాట! పెద్ద యాంప్లిఫయర్ కాలుస్తుందని భయపడి చిన్నది కొంటారు. పెద్దది తీరిగ్గా పని చేస్తుంది సార్, చిన్నదాన్ని పీకల మీదికి తెస్తేనే అది తరంగం తలలు నరికేస్తుంది, ఆ నరికిన అంచులన్నీ పోయి ట్వీటర్ మీద పడతాయి, అని కాగితం మీద బొమ్మ గీసి చూపించాను. ఆయన వింటున్నాడు, ఒప్పుకునేలాగే ఉన్నాడు. సారు వచ్చి, "మీ భయం న్యాయమైందే సార్" అనేశాడు. తప్పుడు భయానికి కూడా న్యాయం అన్న మాట వాడతారా? అది లాయరుకి! వెండి రంగుదే వెళ్ళింది. నేను గీసిన బొమ్మ వెనక్కి తిప్పి దాని మీదే బిల్లు నంబరు రాశారు.

కాగితాల సంగతి అడిగావు. ఏవో చిన్నాచితకా ఉంటాయి. సంతకాలు పెట్టడమే.

కళ్ళజోడు మార్చుకో. వాయిదా వెయ్యకు.

నీ మేనకోడలు


కాయిల్ షెడ్డు
జూలై 15

చదువులమ్మా,

పలక సంగతి విని సంతోషించా. మీ నాన్న నాకు మూడుసార్లు చెప్పాడు, మూడుసార్లూ పలక ఇంకాస్త పెద్దదైంది.

ఇవాళ నీకు నా చదువు కొంచెం చెప్తా విను. కాయిలు రెండు రకాలుగా చస్తుంది. ఒక్కసారిగా పెద్ద దెబ్బ తగిలితే తీగ టక్కున తెగుతుంది, మిగతాదంతా మెరుస్తూనే ఉంటుంది. కొత్త పెళ్ళికూతురిలా ఉంటుంది కాని ప్రాణం ఉండదు. రెండోది, కొంచెం కొంచెంగా ఉడికి చావడం. అప్పుడు చుట్టంతా సమంగా నల్లబడుతుంది, జిగురు పొంగి బుడగలు కడుతుంది. వాసన చూస్తే మాడిన వార్నిషు.

మా దగ్గరికి మూడు నెలల్లో ఒకే రకం ట్వీటర్లు పదకొండు వచ్చాయి. పాత కాయిళ్ళు పారెయ్యకుండా గోడకి మేకులు కొట్టి వరసగా తగిలించా. పదకొండూ ఉడికి చచ్చినవే. ఒక్కోదానికి ఒక చీటీ కట్టి వస్తుంది. ఏ స్పీకరు, ఏ యాంప్లిఫయరు, ఎందుకు కాలింది. పదకొండు చీటీల మీదా ఒకే యాంప్లిఫయరు పేరు. కింద కారణం కూడా ఒకటే: వాడకం తప్పు. అంటే కొన్నవాళ్ళే పాడు చేసుకున్నారు, మాకేం సంబంధం లేదు అని. అలా రాస్తే బాగుచేయించే భారం కొన్నవాళ్ళదే. యాంప్లిఫయరు మార్చరు. మళ్ళీ కాలుతుంది.

ఎవరే ఈ మాట రాసేది? ట్వీటర్ తెరిచి చూసి రాస్తారా, చూడకుండానే రాస్తారా? నీకేమైనా తెలుసా?

నాకు సంతకం ఎందుకు నేర్పావో మర్చిపోయావా? హాజరు మిషను నా బొటనవేలు పట్టలేదు. ఇరవై ఏళ్ళు రాగితీగ ఆ వేలి మీదుగా పాకి గీతలన్నీ అరగదీసేసింది. ఇక్కడ కూర్చుని కాయిళ్ళు చుడుతున్న మనిషిని పట్టుకుని, రాలేదని నాలుగు రోజులు గైరుహాజరు వేశారు! అప్పుడు నువ్వు వచ్చి, నా చెయ్యి పట్టుకుని, "అత్తా, ఇక నీ వేలు కాదు, నీ పేరే సాక్ష్యం చెప్తుంది" అన్నావు. ఆ మాట నాకు ఇప్పటికీ వినిపిస్తుంది. యంత్రాల హోరులో కూడా.

జవాబు రాయి.

అత్త


షోరూము
ఆగస్టు 5

అత్తకు నమస్కారాలు.

జవాబు ఆలస్యమైంది, క్షమించు. నీ ప్రశ్నకి ఏం చెప్పను, ఇలాంటి షోరూములు చాలా ఉంటాయి. ఇవాళ జరిగింది మాత్రం చెప్పకుండా ఉండలేను.

స్టేషనావిడ వచ్చింది. స్పీకర్ పై భాగం గుడ్డ సంచిలో చుట్టుకుని, చంటిపిల్లని ఎత్తుకున్నట్టు ఎత్తుకుని వచ్చింది. ట్వీటర్ కాలిపోయింది. రెండు నెలలే. సారు కుర్చీలోంచి లేవకుండానే, "బాగా గట్టిగా పెట్టినట్టున్నారే!" అన్నాడు.

ఆవిడ ఎంత మర్యాదగా మొదలెట్టిందో. "లేదు బాబూ, మీట సగం కూడా తిప్పలేదు, హాలు పెద్దది కదా, వినపడేంత పెట్టుకున్నాను" అంది.

"అందరూ అలాగే అంటారమ్మా."

"అందరూ అంటే నాకేం తెలుసు? నేను ముప్పై ఏళ్ళు గట్టిగా అరిచి బతికినదాన్ని. ఏది గట్టో, ఏది కాదో నాకు మీరు చెప్తారా?"

"పెద్దవయసులో వినికిడి..." అని ఆయన అక్కడ ఆపాడు. ఆపిన తీరు చూడాల్సింది అత్తా. జాలిగా తల పక్కకి వాల్చాడు.

ఆవిడ మొహం ఎర్రబడింది. "రైలు ఆలస్యమైన ప్రతిసారీ, మీకు కలిగిన అసౌకర్యానికి చింతిస్తున్నాం అని చెప్పాను. తప్పు నాది కాకపోయినా చెప్పాను. ముప్పై ఏళ్ళు! ఒక్కసారి, ఒక్కళ్ళు, ఆ మాట నాకు చెప్పగలరా?" అంది. సారు బిల్లు పుస్తకం తిరగేశాడు. నావైపు చూసింది. "నువ్వు ఆ రోజు ఆ నల్లది పెట్టుకోమన్నావు కదమ్మాయ్" అంది.

ఆవిడ వెళ్ళాక సారు చీటీ తెచ్చి నా ముందు పెట్టాడు. వాడకం తప్పు అని అప్పటికే అచ్చువేసి ఉంది, కింద సంతకానికి గీత. నేను పెట్టనన్నాను. చీటీ ఆయన బల్ల మీద విసిరేసి వచ్చేశాను. నువ్వు ఉండి ఉంటే శభాష్ అనేదానివి.

నీ మేనకోడలు


కాయిల్ షెడ్డు
ఆగస్టు 12

చీటీ నా బల్ల మీద ఉంది.

నీ సంతకమే. చివరి అక్షరానికి తోక పైకి తిప్పుతావు. నాకు నేర్పింది కూడా అదే తోక. నాకు తిప్పడం ఇంకా సరిగ్గా రాదు, అందుకే నీది ఎక్కడ కనబడ్డా ఆగి చూస్తా.

మొదటి పదకొండింటి మీదా అదే తోక. మొదటిది చూసినప్పుడే గుర్తుపట్టా. నీ అంతట నువ్వు చెప్తావని రెండుసార్లు అడిగా. కాగితాలు రాస్తావా అని ఒకసారి. ఎవరు రాస్తారు అని ఒకసారి.

శభాష్ అనమన్నావు. అంటా. ముందు ఇది చూడు. ఈ కవరులో అగ్గిపెట్టె పెట్టా. లోపల ఉన్నది స్టేషనావిడ ట్వీటర్ కాయిలు. సమంగా ఉడికింది. ముట్టుకో.

అత్త


నా అద్దె గది
ఆగస్టు 20

అత్తా,

అగ్గిపెట్టె తెరిచాను. వేలికి మసి అంటుకుంది. కడుక్కోబుద్ధి కాలేదు.

అబద్ధం రాశాను. చీటీ విసిరెయ్యలేదు. పెట్టనన్న మాట మాత్రం నిజం, ఒకసారి అన్నాను. ఆయన అరవలేదు, తిట్టలేదు. చాలా మెత్తగా, "సరేనమ్మా. నీకు ఈ గది సరిపడనట్టుంది. మీవాళ్ళెవరో కాయిళ్ళు చుడతారన్నావు కదా, అక్కడైతే ఏ సంతకాలూ ఉండవు" అన్నాడు. పెన్ను తీసుకుని పెట్టేశాను. నేను భయపడింది ఆకలికి కాదు. షెడ్డుకి. నీ పక్కన స్టూలుకి. నువ్వు ఇరవై ఏళ్ళు కూర్చున్న చోటికి నేనూ రావాలంటే నాకు భయం వేసింది. ఈ వాక్యం రాయడానికి నాలుగు కాగితాలు చింపాను.

మొదటి పదకొండూ ఇంకా సిగ్గుచేటు. అవి భయంతో పెట్టినవి కూడా కావు. చేరిన కొత్తలో ఒక కట్ట తెచ్చి, "టెక్నికల్ సంతకం కావాలి" అన్నారు. ఆ తర్వాత ఎప్పుడొస్తే అప్పుడు. నా సంతకం లేకుండా ఒక కాగితం కదలదంటే ఎంత పొంగిపోయానో తెలుసా! ఏం రాసి ఉందో చదివాను. చదివి, ఒక్క ట్వీటర్ కూడా తెరిచి చూడకుండా, తోక అందంగా వచ్చిందా లేదా అని చూసుకున్నాను. మన ఇంట్లో తరతరాలూ ఏం రాసుందో తెలియక వేలిముద్రలు వేశారు. నేను తెలిసి వేశాను. ఎవరిది పెద్ద తప్పు?

ఆయన మీద కోపం వచ్చిన ప్రతిసారీ నీకు పేజీలు నింపి పంపాను. అది కోపం కాదేమో, ముసుగేమో.

నన్ను తిట్టు. నీ తిట్టు కోసం చూస్తుంటాను.


కాయిల్ షెడ్డు
ఆగస్టు 27

ఒసే,

తిడతా, కూర్చో.

షెడ్డంటే భయమా? ఈ షెడ్డులో వెంట్రుకంత తీగని తెగకుండా, ఒక చుట్టు మీద ఇంకో చుట్టు ఎక్కకుండా చుడతాం. మీ తివాచీ గదిలో కూర్చుని ఊపిరి కూడా వినిపించింది అని మురిసిపోయారే, ఆ ఊపిరి వినిపించేది ఇలాంటి చెయ్యి చుట్టిన తీగలోంచి. ఆ ఊపిరిని నీ బంగారు చెవులాడు కాల్చాడు, నువ్వు సాక్షి సంతకం పెట్టావు. నాకు రోషం వచ్చింది అందుకు. స్టూలంటే భయం వేసినందుకు కాదు. అది నాకూ వేస్తుంది, పొద్దున్నే నడుం వంగనప్పుడు.

నిన్ను పొలాలమ్మి చదివించలేదు మేం, అమ్మడానికి ఏమీ లేవు. నువ్వే చదివావు. కాబట్టి నాకు బాకీ ఏమీ లేవు. ఆ పన్నెండు మందికి ఉన్నావు.

ఇప్పుడు విను. నేను కూడబలుక్కుని చదివేదాన్ని కాబట్టి మాటల్ని అక్షరం అక్షరం చూస్తా. వాడకం. మూడక్షరాలు. అమ్మకం. ఇదీ మూడే. ఆఖరిది రెండిట్లోనూ ఒకటే. వాడకం తప్పు కాదు ఇది, అమ్మకం తప్పు. రెండే రెండు అక్షరాలు మార్చాలి. ఆ రెండు అక్షరాలు మార్చడానికి ఎంత చదువు కావాలో నాకు తెలీదు. నీ దగ్గర ఉన్నది చాలదా?

ట్వీటర్ కొత్తగా చుట్టి పంపా. మళ్ళీ ఆ సన్నదానికి తగిలించి కాలిస్తే ఊరుకోను.

అత్త


నా అద్దె గది
సెప్టెంబరు 10

అత్తకు నమస్కారాలు.

చేశాను. ఈసారి నిజంగా. నమ్మకపోతే స్టేషనావిడని అడుగు, ఎలాగూ నీ దగ్గరికే వస్తోంది.

శనివారం పొద్దున వినే గదిలో నలుగురు కస్టమర్లున్నారు. స్టేషనావిడ స్పీకర్లు ఆటోలో వేసుకుని ట్వీటర్ కోసం వచ్చింది. మా కాలేజీ లాబ్ సారుని అడిగి ఆసిలోస్కోపు తెచ్చాను. తరంగాన్ని తెర మీద గీసి చూపే పెట్టె. అద్దాల కేబిన్లోంచి బయటికొచ్చి, ఆవిడని సోఫాలో కూర్చోబెట్టి, నువ్వు చుట్టిన ట్వీటర్ బిగించి, ఆవిడ స్పీకర్లని ముందు వెండి రంగుదానికే తగిలించాను. ఆవిడ ఇంట్లో ఎంత తిప్పుతుందో అంతే తిప్పమన్నాను. ఆవిడ గొంతు వచ్చింది. తెర మీద కొండల్లా గుండ్రంగా ఉండాల్సిన తరంగం పైన కత్తిరించినట్టు బల్లపరుపుగా కనిపించింది. భయపడకు, నీ తీగని ఎక్కువసేపు కాల్చలేదు. ఇరవై అంకెలు లెక్కపెట్టి ఆపేశాను.

తర్వాత నల్లది. ఒక్కదాన్నే లాగలేకపోతే లాయరు లేచి ఒక పక్క పట్టుకున్నాడు. అవునత్తా, అదే లాయరు. ఆయన ట్వీటరూ గరగరలాడుతోందని వచ్చి కూర్చున్నాడు! అంతే శబ్దం. తెర మీద నిండుగా, గుండ్రంగా తరంగం. తెర చూడక్కర్లేదు, చెవికే తెలిసింది. స్టేషనావిడ, "గొంతులో ముల్లు తీసేసినట్టుంది" అంది.

సారు పరుగున వచ్చాడు. "బొమ్మలు చూపించి జనాన్ని బెదరగొడుతున్నావా? అతిగా వాడితే ఏదైనా కాలుతుంది. కాయిలు ఎందుకు కాలిందో చెప్పడానికి నువ్వెవరు?"

"పన్నెండుసార్లు చెప్పించారు కదా సార్. వాడకం తప్పు అని రాసినప్పుడు నేను టెక్నికల్ మేడమ్‌ని. ఇప్పుడెవరో అయిపోయానా?" అన్నాను. పన్నెండు చీటీల నకళ్ళు బల్ల మీద పరిచి, ఒక్కోదాని మీద రెండక్షరాలు కొట్టేసి, పైన రెండక్షరాలు రాసి, పక్కన సంతకం పెట్టాను. అమ్మకం తప్పు. పన్నెండు సార్లు. తోకలు చూసుకోలేదు.

లాయరు అద్దాలు సర్దుకుని ఒకటి తీసి చదివాడు. అయినా సారు బుకాయింపు మానలేదు. అందరి ముందూ, "సరే. కాయిలు చుట్టినవాళ్ళు ఎవరో వాళ్ళనే రాసిమ్మనండి, ఎలా కాలిందో. వాళ్ళు రాసిస్తే పన్నెండు మందికీ యాంప్లిఫయర్లు మారుస్తాను" అని నవ్వాడు. ఆ నవ్వు ఎందుకో నాకు తెలుసు. చుట్టేవాళ్ళకి రాయడం వచ్చా అని.

లాయరు ఆ మాటని అక్కడికక్కడే కాగితం మీద పెట్టించి ఆయన చేత సంతకం చేయించాడు. నేను నా పేరు పలక తీసుకుని మెట్లు దిగి వచ్చేశాను. పన్నెండు మందికీ ఉత్తరాలు రాశాను: మీ తప్పు కాదు, చూడకుండా సంతకం పెట్టిన తప్పు నాది, అసౌకర్యానికి చింతిస్తున్నాను అని. ఆ చివరి మాట స్టేషనావిడకి ఎదురుగా నిలబడి చెప్పాను. ఆవిడ, "రైలు వచ్చింది, ఆలస్యంగానైనా" అంది.

అత్తా, ఇక నీ వంతు.

నీ మేనకోడలు


కాయిల్ షెడ్డు, కిటికీ పక్క బల్ల
సెప్టెంబరు 21

చదువులమ్మా,

వచ్చింది మీ స్టేషనావిడ. ఏం గొంతే అది! నాకు సగం వినపడని చెవిలో కూడా ప్రతి మాటా పడింది. మేస్త్రి ఆవిడ్ని గుమ్మంలోనే ఆపి, "కాగితాలు ఆఫీసులో ఇస్తారు, వారం తర్వాత రండి" అన్నాడు. ఆవిడ నా పక్క స్టూలు లాక్కుని కూర్చుంది. "ఎంత ఆలస్యమైనా ఫరవాలేదు. నేను ముప్పై ఏళ్ళు స్టేషన్లో కూర్చున్నాను" అంది. చుట్టేవాళ్ళందరూ నవ్వారు. మేస్త్రి వెళ్ళి ఫ్యాను కింద నిలబడ్డాడు.

మేకుల మీంచి పదకొండు కాయిళ్ళు, ఆవిడతో నువ్వు పంపిన అగ్గిపెట్టెలోది, ఒక్కొక్కటీ తీసి, చూసి, రాశా. ఆవిడ చెప్పబోయింది, వద్దన్నా. నా మాటల్లోనే రాశా. "ఈ కాయిలు దెబ్బకి తెగలేదు. చుట్టంతా సమంగా నల్లబడింది. కొంచెం కొంచెంగా ఉడికింది. సత్తా చాలని యాంప్లిఫయరు వల్ల ఇలా అవుతుంది. పన్నెండూ ఒకే యాంప్లిఫయరు. పన్నెండూ ఒకేలా కాలాయి. అమ్మకం తప్పు." పొద్దున మొదలెడితే మధ్యాహ్నం దాటింది. మేస్త్రి రెండుసార్లు వచ్చి, పని ఆగిపోతోంది అన్నాడు. ఇది పని కాదా అన్నా.

సంతకం దగ్గర మళ్ళీ అడ్డం పడ్డాడు. "షెడ్డు కాగితం మీద చుట్టేవాళ్ళ సంతకాలు చెల్లవు. ఎప్పుడూ లేదు. వేలిముద్ర వెయ్యి, చాలు" అని సిరాబిళ్ళ తెచ్చి నా ముందు పెట్టాడు.

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. బొటనవేలు సిరాలో ముంచి, తెల్ల కాగితం మీద గట్టిగా నొక్కి, ఎత్తి చూపించా. నున్నగా నల్లటి మచ్చ. ఒక్క గీత లేదు.

"ఇది నాదని ఎవరు చెప్తారు? నువ్వు చెప్తావా?" అన్నా.

వాడు ఆ మచ్చ వైపు చూశాడు, నావైపు చూశాడు, సిరాబిళ్ళ మూత పెట్టాడు. స్టేషనావిడ తన పెన్ను నాకు ఇచ్చింది.

కాగితాలు ఆవిడే స్వయంగా పట్టుకెళ్ళింది, లాయరు దగ్గరికి. మీ సారు ఇప్పుడు నవ్వుతాడో లేదో ఆవిడ నీకు ఉత్తరం రాస్తానంది. నాకు కూడా విడిగా రాస్తానంది, నా పేరు మీద.

స్టూలు ఖాళీగా ఉంది. నీకు ఇంకో పని దొరికేదాకా వచ్చి కూర్చుంటావా, కూర్చోవా, నీ ఇష్టం. వస్తే చుట్టడం నేర్పుతా, ఆ పలక కూడా పట్టుకురా, మేకు ఒకటి ఖాళీ చేస్తా.

పన్నెండు సంతకాలు పెట్టా. మొదటి పదింటికీ తోక కిందికే జారింది. పదకొండోది కాస్త లేచింది. పన్నెండోది నీలాగే పైకి తిరిగింది. నమ్మకపోతే ఇదిగో, ఇంకోటి పెడుతున్నా, చూసుకో.